పొద్దున పనిచేసి సాయంత్రం ఆగిపోయే బోటు ఏసీ: ఒక కేస్ స్టడీ

ఈ బోటు మీద పని పూర్తయిందని నేను రెండుసార్లు చెప్పాను. మొదటిసారి చెప్పింది తప్పు. ఈ కేసు రాయడానికి కారణం అదే. బోటు పేరు, యజమాని వివరాలు, అది ఉండే జెట్టీ అన్నీ వదిలేశాను. కొలతలు మాత్రం నా పని పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

బోటు, దాని ఏసీ

సుమారు 11 మీటర్ల మోటారు బోటు. కింద క్యాబిన్‌కి ఒకటే యూనిట్: 16,000 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత), ఆర్-410ఏ గ్యాస్, 230 ఓల్టులు. ఇంటి స్ప్లిట్ ఏసీలో బయట ఫ్యాను తిరిగి వేడిని గాలిలోకి తోలేస్తుంది. బోటులో ఆ పని సముద్రపు నీటిది. అడుగున ఉన్న రంధ్రంలోంచి నీరు లోపలికొచ్చి, సీకాక్ అనే వాల్వు దాటి, స్ట్రైనర్ బుట్టలో చెత్త వదిలేసి, పంపులోంచి కండెన్సర్‌కి వెళ్తుంది. అక్కడ వేడిని ఎత్తుకుని బోటు పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బయటపడుతుంది. ఇక్కడ కండెన్సర్ అంటే గొట్టంలో గొట్టం, లోపల నీరు, చుట్టూ గ్యాస్. పంపు సెంట్రిఫ్యూగల్ రకం. దానికి గాలి చిక్కితే నెట్టలేదు, ఊరికే తిరుగుతుంది. అందుకే దాన్ని నీటిమట్టానికి దిగువనే బిగిస్తారు. సీకాక్ నుంచి కండెన్సర్ దాకా హోస్ ఎక్కడా దిగకుండా ఎక్కుతూనే పోవాలంటారు.

టన్నుకి, అంటే 12,000 బీటీయూకి, నిమిషానికి 11 లీటర్ల నీరు ఉండాలన్నది ఈ పనిలో అందరం వాడే లెక్క. ఆ ప్రకారం ఈ యూనిట్‌కి దాదాపు 15 లీటర్లు కావాలి. ఈ 15 గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఫిర్యాదు

షికారు ముగించి జెట్టీకొచ్చి, ఇంజన్ ఆపి, ఒడ్డు కరెంటు తగిలించి ఏసీ వేస్తారు. పావుగంట, ఇరవై నిమిషాలు చల్లగాలి వస్తుంది. తర్వాత ఏసీ కంట్రోల్ బోర్డు మీద హై ప్రెషర్ ఫాల్ట్ కనిపించి కంప్రెసర్ ఆగుతుంది. కాసేపాగి తనంతట తానే మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. వరుసగా నాలుగుసార్లు ఇలా అయితే బోర్డు లాక్ అయిపోతుంది. మర్నాడు పొద్దున వేస్తే ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. మూడు నెలలుగా ఇదే తంతు.

నాకంటే ముందు ఇద్దరు చూశారు. ఒకరు పంపు మార్చారు. ఇంకొకరు గ్యాస్ తక్కువుందని నింపారు. అది చేశాక రెండు రోజులు బాగానే ఉందట. మూడో రోజు మళ్లీ మామూలే. ఆఖరికి యూనిట్ మొత్తం మార్చేయమని సలహా. యజమాని నన్ను పిలిచింది ఆ సలహాకి ముద్ర వేయించుకోడానికే అనుకుంటాను.

ఆయన దగ్గర ఆయన కారణాలున్నాయి. "సాయంత్రమయ్యేసరికి జెట్టీలో అందరూ ఏసీలు వేస్తారండి, ఓల్టేజీ పడిపోతుంది. పైగా పొద్దుటినుంచి ఎండకి బోటు కాగిపోయి ఉంటుంది. నీళ్లు మాత్రం బాగానే వస్తున్నాయి, రోజూ చూస్తూనే ఉన్నాను."

బోటు నడిపే సరంగు తాళ్లు చుడుతూ అన్నాడు: "బయటికెళ్లని రోజు ఆగదు సార్."

ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నాను. రాసుకోవడం రాసుకున్నాను గానీ, అర్థం తప్పుగా తీసుకున్నాను.

మొదటి రోజు

హై ప్రెషర్ ఫాల్ట్ అంటే గ్యాస్ పట్టుకున్న వేడి బయటికి పోవడం లేదని. దానికి నాకు తట్టే కారణాలు నాలుగు. నీరు చాలినంత రాకపోవడం, నీరు వస్తున్నా కండెన్సర్ లోపల పొలుసు కట్టి వేడి దాటకపోవడం, గ్యాస్ ఎక్కువై ఉండటం, లేదా ప్రెషర్ స్విచ్చే అబద్ధం చెప్పడం. ఓల్టేజీ తగ్గితే కంప్రెసర్ ఆంపియర్లు ఎక్కువ లాగి వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ మీద ఆగుతుంది. హై ప్రెషర్ స్విచ్ మీద కాదు. కాబట్టి ఫాల్ట్ పేరుతోనే ఆ వాదం సగం పోయింది. అయినా మీటరు పెట్టడానికి రెండు నిమిషాలేగా. కంప్రెసర్ నడుస్తుండగా జెట్టీ స్తంభం దగ్గర 224, యూనిట్ టెర్మినళ్ల దగ్గర 217. పర్వాలేదు. కంప్రెసర్ తిరగడానికి తోడ్పడే కెపాసిటర్ బాగుంది. ఎండ సంగతి: క్యాబిన్ కాగి ఉంటే ప్రెషర్ కొంత పెరిగే మాట నిజం. కానీ ఆరోగ్యంగా ఉన్న యూనిట్‌ని పడగొట్టేంత కాదు.

గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజ్‌లు తగిలించలేదు. వెళ్లగానే గేజ్‌లు తీసే అలవాటు మా వాళ్లలో చాలామందికి ఉంది, ఒకప్పుడు నాకూ ఉండేది. ఈ యూనిట్లలో పట్టేది వందల గ్రాముల గ్యాసే, అదీ ఫ్యాక్టరీలో తూకం వేసి నింపినది. గేజ్ పెట్టి తీసిన ప్రతిసారీ కొంత పోతుంది. నీటి వైపు తేలకుండా గ్యాస్ వైపు చెయ్యి పెడితే ఒక సమస్య రెండవుతుంది. ఇక్కడ ఆ రెండోది అప్పటికే అయినట్టుంది: కంప్రెసర్‌లోకి గ్యాస్ వెళ్లే సక్షన్ గొట్టం మీద కొత్త పియర్సింగ్ వాల్వు (గొట్టానికి కన్నం పెట్టి గ్యాస్ ఎక్కించే వాల్వు), దాని చుట్టూ నూనె చెమ్మ. గ్యాస్ ఎక్కువై ఉండొచ్చని పక్కన రాసుకుని వదిలేశాను.

బకెట్టు తెప్పించాను. 10 లీటర్ల బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్. బయటపడే ధార కింద బకెట్టు నిండటానికి 52 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి పదకొండున్నర లీటర్లు. లోపలికొచ్చే నీరు 29 డిగ్రీలు, బయటికొచ్చేది 37. ఎనిమిది డిగ్రీల తేడా. మంచిది కాదు, ఘోరమూ కాదు.

యజమాని "బాగానే వస్తున్నాయి" అన్నది అబద్ధమేం కాదు. అడుగు ఎత్తునుంచి పడే ధారని చూసి పదకొండో పదిహేనో చెప్పగల కన్ను ఎవరికీ లేదు. ఆరు లీటర్ల ధార కూడా చూడ్డానికి దర్జాగానే ఉంటుంది, ఆ సంగతి తర్వాత చూశాను.

స్ట్రైనర్ బుట్ట శుభ్రంగా ఉంది. బోటు అడుగున నీరొచ్చే రంధ్రం మీది జాలీకి గుల్లలు పట్టి ఉంటే గీకించాం. 50 సెకన్లకి వచ్చింది. తర్వాత జెట్టీ కుళాయి నీటిని బయటి రంధ్రం వైపునుంచి వెనక్కి కొట్టాను. సీకాక్ దాకా జోరుగా పోయింది. పుస్తకంలో "దారిలో అడ్డు లేదు" అని రాశాను. ఈ కేసులో నేను రాసిన అతి పెద్ద తప్పు వాక్యం అదే.

అడ్డు లేదు, నీరు తక్కువ, కాబట్టి పొలుసు. తర్కం అలా నడిచింది. కండెన్సర్‌కి రెండు హోస్‌లూ విప్పి, కుప్రోనికెల్‌ని (కండెన్సర్ గొట్టం లోహం, రాగి-నికెల్ మిశ్రమం) తినని బలహీనమైన ఆమ్లపు ద్రావణాన్ని ఒక చిన్న పంపుతో బకెట్టులోంచి కండెన్సర్‌లోకి, మళ్లీ బకెట్టులోకి తిప్పాను. తిరిగొచ్చే నీటిలో మొదట నురగ తెట్టెలు తెట్టెలుగా వచ్చింది. పొలుసు కరుగుతున్నంతసేపూ నురగ, అయిపోగానే ఆగుతుంది. ఇక్కడ ముప్పావుగంట పట్టింది. ఆ తర్వాత కూడా తిప్పుతూ కూర్చుంటే ఆమ్లం లోహం మీద పడుతుంది. కిటికీలన్నీ తెరిచి ఉంచాలి. ఈ ఆమ్లం ఉన్న చుట్టుపక్కల బ్లీచ్ అన్నది కనపడకూడదు, రెండూ కలిస్తే విషవాయువు. తర్వాత మంచినీటితో బాగా కడిగాను.

బకెట్టు 43 సెకన్లు. పద్నాలుగు లీటర్లు. నీటి తేడా ఎనిమిదినుంచి ఆరున్నరకి దిగింది. గాలి తేడా, అంటే యూనిట్ లాక్కునే గాలికీ చల్లబరిచి వదిలే గాలికీ మధ్య తేడా, ఏడు డిగ్రీలనుంచి పదికి ఎక్కింది. గంటసేపు నడిపి చూశాను, అంకెలు కదల్లేదు. గ్యాస్ సంగతి ముట్టుకోలేదు. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదని నా నియమం. అయిపోయిందండీ అని చెప్పి వచ్చేశాను.

నాలుగో రోజు ఫోను

"పదిహేడో నిమిషానికి ఆగిందండి." ఆయన గొంతులో కోపం కూడా లేదు.

ఈసారి పొద్దున వెళ్లలేదు. బోటు తిరిగొచ్చే వేళకి జెట్టీ మీద బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. తాళ్లు కట్టగానే ఏసీ వేయించి బకెట్టు పెట్టాను. 95 సెకన్లు. నమ్మకం కలక్క మళ్లీ పెట్టాను. 96.

నిమిషానికి ఆరు లీటర్ల చిల్లర. బయటికొచ్చే నీరు 43 డిగ్రీలు. కంప్రెసర్ పొద్దున 6.4 ఆంపియర్లు లాగేది, ఇప్పుడు 8.9 దాకా పోయి ఆగింది. నేను మూడు రోజుల కిందట కొలిచింది ఇదే పంపు, ఇవే హోస్‌లు. కానీ ఆగిపోయే ఏసీని నేను అసలు కొలవనే లేదు. పనిచేసే ఏసీని కొలిచి, దానికి ఇంకాస్త మెరుగుపెట్టి వెళ్లాను.

మొదట నా అనుమానం గాలి మీదికే పోయింది. "బయటికెళ్లని రోజు ఆగదు" అన్న మాటకి నేను చెప్పుకున్న అర్థం అదే. అలల్లో బోటు ఎగిరినప్పుడు రంధ్రం గాలి మింగుతుంది, పంపులో గాలి బుడగ ఇరుక్కుంటుంది. చాలా బోట్లలో ఇది నిజం. పంపు అవుట్‌లెట్ క్లాంప్ వదులు చేశాను. గాలి బుస్సుమనలేదు, నీళ్లే కారాయి. అడుగు జాలీ ముందుకే తిరిగి ఉందని గుల్లలు గీకిన మనిషి చెప్పాడు. అది వెనక్కి తిరిగి ఉంటే బోటు నడుస్తున్నప్పుడు నీటిని లోపలికి నెట్టే బదులు బయటికి లాగేస్తుంది. అదీ కాదు.

తర్వాత దారిని రెండు ముక్కలు చేశాను. కండెన్సర్‌కి వెళ్లే హోస్ విప్పి నేరుగా బకెట్టులో పెట్టాం. అప్పుడూ నీరు తక్కువే. అంటే కండెన్సరూ, దాని తర్వాతి దారీ నిర్దోషులు. తప్పు పంపులోనో, పంపుకి ముందో ఉంది. పంపు కొత్తది, లోపల నీటిని నెట్టే చక్రం (ఇంపెల్లర్) బాగుంది, వేడెక్కిన జాడ లేదు.

ఇదంతా చేసేసరికి నలభై నిమిషాలైంది. హోస్‌లు మళ్లీ తగిలించి బకెట్టు పెడితే 70 సెకన్లు. పావుగంట తర్వాత 55. నేనేమీ బాగు చెయ్యలేదు. విప్పినది విప్పినట్టే బిగించాను. కళ్లముందే జబ్బు దానంతటదే నయమైపోతోంది. ఇంతకుముందు వచ్చిన ఇద్దరూ ఏదో ఒకటి మార్చి, ఆ నయం తమ వల్లే అనుకుని ఉంటారు. నేనూ ఆ వరసలోనే ఉన్నానుగా.

గాలి బుడగ అయితే ఇలా మెల్లమెల్లగా పోదు. ఉంటే ఉంటుంది, పోతే ఒక్కసారిగా పోతుంది. మెల్లగా నయమయ్యేది చల్లారేది ఒక్కటే. అప్పుడు సరంగు మాట మళ్లీ చదివాను. బయటికెళ్లడంలో రెండు పనులున్నాయి: బోటు కదలడం, ఇంజన్ నడవడం. నేను మొదటిదే విన్నాను.

రెంటినీ విడదీయాలి. మర్నాడు పొద్దున తాళ్లు రెట్టింపు కట్టించి, బోటు జెట్టీకి ఉండగానే తక్కువ రెవ్వుల్లో గేరు వేసి ఇంజన్ నడిపించాను. ఏసీ కూడా నడుస్తోంది. కొంత వ్యవధి ఇచ్చి బకెట్టు పెడుతూ పోయాం. 43, 43, 44, 49, 58, 71. గంటన్నరకి 90. బోటు గజం కూడా కదల్లేదు, అల లేదు, గాలి మింగే అవకాశం లేదు. సరంగు బకెట్టు వంచి పోస్తూ నవ్వాడు. ఏమీ అనలేదు.

ఇంజన్ వెనక

ఇంజన్ ఆపించి (బెల్టులు తిరుగుతుండగా అక్కడ చెయ్యి పెట్టకూడదు) టార్చి నోట కరుచుకుని లోపలికి దూరాను. స్ట్రైనర్ ఇంజన్ గదిలో ఒక పక్క, పంపు అవతలి లాకర్లో. వాటి మధ్య హోస్ ఇంజన్ వెనకనుంచి, ఎగ్జాస్ట్ మోచేతికి (పొగ గొట్టం వంపుకి) జానెడు దూరంలో పోతోంది. పై మూతలోంచి చూస్తే రెండు కొసలే కనపడతాయి, మధ్య భాగం కనపడదు. తడిమాను. కొసల్లో గట్టి రబ్బరు. మధ్యలో మీటరు ముక్క మెత్తగా, వెచ్చగా, దారపు అల్లిక ఉన్న పారదర్శక ప్లాస్టిక్ పైపు, జాయింటు వేసి అతికినది. ఒక బ్రాకెట్ మీదుగా వంగే చోట నా వేలికి గుండ్రం తగల్లేదు. ఉడికిన కాకరకాయలా అణిగిపోయి ఉంది.

రెండు బొటనవేళ్లతో ఆ వంపుని పైకెత్తి పట్టుకున్నాను. అప్పటిదాకా పక్కన చిటపటమంటున్న ధార చప్పుడు ఒక్కసారి మారి బొళబొళమంది. పైనుంచి సరంగు కేక: "పెరిగింది సార్! ఏం చేశారు?" వదిలేశాను. చప్పుడు మళ్లీ సన్నబడింది. మళ్లీ ఎత్తాను, మళ్లీ బొళబొళ.

పంపు మార్చినప్పుడు కొత్త పంపు మూతి ఉన్న వైపుకి పాత హోస్ అందలేదు. చేతికి దొరికిన ముక్క అతికేశారు. చల్లగా ఉంటే ఆ పైపు బిర్రుగా గుండ్రంగానే ఉంటుంది. ఇంజన్ వేడికి మెత్తబడి, బ్రాకెట్ మీద సొంత బరువుకి మడతపడుతుంది. అది పంపు లాగే వైపు కావడంతో మరీ కష్టం. పంపు తర్వాత అయితే లోపలి ఒత్తిడే మడతని కాస్త తెరిచి ఉంచేది. నేను కుళాయి నీటిని వెనక్కి కొట్టినప్పుడు జరిగింది అదే: కుళాయి జోరుకి పైపు ఉబ్బింది, పైగా అప్పుడు ఇంజన్ చల్లగా ఉంది. "దారిలో అడ్డు లేదు" అని రాయించింది ఆ పరీక్షే.

ఏసీ సంగతి పక్కన పెట్టినా నాకు ఒళ్లు జలదరించింది. నీటిమట్టానికి దిగువన, సీకాక్ ఎప్పుడూ తెరిచే ఉండే దారిలో, ఎగ్జాస్ట్ పక్కన మెత్తబడే పైపు, ఒక్కొక్క కొసకి ఒక్కొక్క క్లాంపు. అది ఊడిపోతే క్యాబిన్ చల్లబడుతుందా లేదా అన్న ప్రశ్నే ఉండదు, బోటే ఉండదు.

లోపల తీగచుట్ట ఉన్న, సముద్రపు నీటి సక్షన్‌కి పనికొచ్చే రబ్బరు హోస్ తెప్పించాను, మధ్యలో జాయింటు లేకుండా ఒకటే ముక్క. ఇంజన్ వెనకనుంచి కాకుండా ఎదురు గోడ వెంట తీసుకెళ్లాం. మీటరున్నర పొడవు పెరిగింది, పెరగనీ. ఎక్కడా మూపురం రాకుండా, ఎక్కుతూ పోయేలా బిగించి, ప్రతి కొసకీ రెండేసి స్టెయిన్‌లెస్ క్లాంపులు వేశాను. ఇంజన్ గంటన్నర నడిపి బకెట్టు పెడితే 41. చల్లగా ఉన్నప్పుడూ 41.

గ్యాస్ సంగతి

ఇక్కడ ఆగిపోవచ్చు. ఏసీ ఆగడం లేదు, యజమాని సంతోషంగా ఉన్నారు. కానీ నీరు పుష్కలంగా ఉన్నా కంప్రెసర్ 6.3 ఆంపియర్లు లాగుతోంది. పియర్సింగ్ వాల్వు దగ్గర నూనె చెమ్మ కూడా మనసులో ఉంది. నీటి వైపు పూర్తిగా తేలాకే గ్యాస్ వైపు వెళ్లాలనుకున్నాను, ఇప్పుడు ఆ వేళ వచ్చింది. రికవరీ సిలిండర్‌లోకి మొత్తం లాగి తూకం వేశాను. 810 గ్రాములు. నేమ్‌ప్లేట్ మీద ఉన్నది 680. అంటే 130 గ్రాములు అదనం. ఎక్కువైన గ్యాస్ ద్రవమై కండెన్సర్‌లో నిలబడిపోతుంది, ఆ మేరకు వేడి వదిలే చోటు తగ్గి ప్రెషర్ పెరుగుతుంది. వాల్వు తీసేసి, ఆ కన్నాన్ని బ్రేజింగ్‌తో (లోహం కరిగించి) పూడ్చి, వ్యాక్యూమ్ లాగి, నిలుస్తోందని చూసుకుని, 680 గ్రాములు ద్రవంగానే నింపాను. ఆర్-410ఏ రెండు వాయువుల మిశ్రమం కాబట్టి సిలిండర్‌లోంచి ఆవిరిగా తియ్యకూడదు. కరెంటు 5.9కి దిగింది.

గ్యాస్ నింపాక రెండు రోజులు బాగుందన్న ముడి కూడా విడిపోయింది. సరంగు దగ్గర డీజిల్ లెక్కల పుస్తకం ఉంది. ఆ రెండు రోజులూ బోటు బయటికి వెళ్లనే లేదు.

పొలుసు, అణిగిన పైపు, అదనపు గ్యాస్, మూడింట్లో అసలు దోషి ఎవరని యజమాని అడిగారు. నా లెక్కలో పైపే. అయితే పొలుసూ గ్యాసూ లేకపోతే ఆ పైపుతోనే ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చేదేమో. అంటే ఆ రెండూ ఒకరకంగా మేలే చేశాయి. క్లాంపు ఊడేదాకా ఆ పైపు సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఆ తర్వాత

నా పని పుస్తకంలో కొలతల పక్కన ఇప్పుడు ఇంకో గడి గీసుకున్నాను: ఇంజన్ చల్లగానా, వేడిగానా. సాయంత్రం ఆగే యూనిట్ చూడటానికి పొద్దున వెళ్లడం మానేశాను. అందువల్ల ఇంటికెళ్లేసరికి రాత్రవుతోంది, అది వేరే సంగతి. హోస్‌లో నీటిని వెనక్కి కొట్టడం ఇప్పటికీ చేస్తాను, చెత్త కదిలించడానికి. దారి బాగుందని తేల్చుకోడానికి మాత్రం కాదు. ఎవరైనా ఇంతకుముందు పంపు మార్చారంటే, పంపుతో పాటు ఇంకేం మార్చారో చూడటానికి పాకుతూనైనా హోస్ మొత్తం వేలితో తడుముతాను.

సరంగుకి ఒక్క పని అప్పగించాను. నెలకోసారి, తిరిగొచ్చిన వెంటనే బకెట్టు పెట్టి సెకన్లు స్ట్రైనర్ పక్క లాకర్ మూత మీద మార్కరుతో రాయమన్నాను. వేరే పని మీద ఆ జెట్టీకి వెళ్లినప్పుడు మూత ఎత్తి చూశాను. 41, 41, 42, 41, ఆ కింద 47. 47ని కొట్టేసి పక్కన "బుట్టలో నాచు, తీశాను" అని రాసి ఉంది. దాని కింద మళ్లీ 41.